సైకిలు గ్రిప్పు - ఒక ఘర్షణ పాఠం

మన కళాశాల సైకిలు స్టాండులోకి వెళ్ళి, వరసగా పది సైకిళ్ళ హేండిళ్ళు పట్టుకుని చూడండి. ఒకటి రెండింటికైనా గ్రిప్పు చేతిలో గిర్రున తిరుగుతుంది. ఏదో ఒకదానికి గ్రిప్పే వుండదు. ఇనుప గొట్టం నోరు తెరుచుకుని కనిపిస్తుంది. "చక్రాలు తిరుగుతున్నాయి కదా, ఇంక గ్రిప్పుతో పనేమిటోయ్!" అని కొట్టిపారేసే మిత్రులు మనలో చాలామంది వున్నారు.

చక్రం తిరగడానికి గ్రిప్పు అక్కరలేదన్న మాట నిజమే. కాని సైకిలును మలపాలన్నా, ఆపాలన్నా, ఎత్తు ఎక్కించాలన్నా మన చేతి బలం సైకిలుకు చేరే దారి ఆ అయిదంగుళాల రబ్బరు ముక్కే. వాల్తేరు ఎత్తు నుంచి బీచి రోడ్డుకు దిగేటప్పుడు వేళ్ళు బ్రేకు లివరును లాగుతుంటే, ఒంటి బరువంతా అరచేతుల మీదుగా గ్రిప్పుల మీద పడుతుంది. తిరిగి ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి, హేండిలును మన వైపు లాక్కుంటూ పెడలు తొక్కుతాం. సరిగ్గా ఆ క్షణంలో ఎడమ గ్రిప్పు ఊడి చేతిలోకి వచ్చిందనుకోండి. కుడి చేయి లాగుతూనే వుంటుంది గనుక ముందు చక్రం ఒక్కసారిగా కుడి పక్కకు తిరిగిపోతుంది. ఆ పక్కన లారీ వుందో, బస్సు వుందో చూసుకునే వ్యవధి వుండదు.

మా పల్లెల్లో సైకిలు తొక్కే బండి మాత్రమే కాదు, మోసే బండి కూడా. చెరో పక్క పాలక్యాను, వెనక గడ్డిమోపు, ఒక్కోసారి ఎరువు బస్తా. అంత బరువు వేసినప్పుడు ఎవరూ తొక్కరు, గట్టు మీద నడిపించుకు వెళతారు. ఆ బరువును అటో ఇటో ఒరిగిపోకుండా నిలబెట్టేవి రెండు గ్రిప్పులే. చెమట చేతిలో గ్రిప్పు జారితే పాలు కాలువ పాలు. మనిషి కూడా సైకిలు కింద పడవచ్చు.

గ్రిప్పు లేని హేండిలు కొస మరీ ప్రమాదం. పడినప్పుడు ఆ గొట్టం అంచు పొట్టలో గుచ్చుకుంటే కాలేయం, ప్లీహం, క్లోమం దెబ్బతినవచ్చునని, ముఖ్యంగా పిల్లల విషయంలో, వైద్యులు హెచ్చరిస్తారు. పైకి గుండ్రని మచ్చ మాత్రమే కనిపించి లోపల గాయం పెద్దది కావచ్చు. హేండిలు కొస పొట్టకు తగిలిన పిల్లవాడికి కడుపు నొప్పి, వాంతులు మొదలైతే "తగ్గిపోతుందిలే" అని వూరుకోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకు వెళ్ళాలి. సైకిళ్ళ భద్రత గురించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 4210లో ఈ చిన్న వస్తువుకు కూడా ఒక పరీక్ష పెట్టారంటే ఇందుకే. గ్రిప్పు తొడిగిన హేండిలును 60 డిగ్రీల వేడి నీటిలో నాలుగు గంటలు వుంచి, తీసి కాసేపు ఆరనిచ్చాక, 100 న్యూటన్ల బలంతో లాగినా అది ఊడరాదు. మన వాడుకలో చెప్పాలంటే పది కిలోల బరువు వేలాడదీసినంత బలమన్న మాట.

గ్రిప్పును పట్టి వుంచేది ఏది?

మామూలు గ్రిప్పుకు మేకు లేదు, మర లేదు. మరి ఎలా నిలుస్తోంది? గ్రిప్పు తొడిగే చోట సైకిలు హేండిలు గొట్టం వెలుపలి వ్యాసం సాధారణంగా 22.2 మిల్లీమీటర్లు, అంటే ఏడు బై ఎనిమిది అంగుళాలు. గ్రిప్పు లోపలి కన్నం అంతకంటె కాస్త చిన్నది. తొడిగినప్పుడు రబ్బరు సాగుతుంది. మళ్ళీ ముడుచుకోవాలని చూస్తూ గొట్టాన్ని చుట్టూ నొక్కుతుంది. ఆ నొక్కుడు వల్ల ఘర్షణ పుడుతుంది. ఘర్షణ బలం నొక్కే బలానికి అనులోమానుపాతంలో వుంటుందని 1699లో అమాంటన్స్ చెప్పిన సూత్రం మనం ఇంటర్మీడియట్‌లోనే చదివాం. రబ్బరు ఆ సూత్రాన్ని అచ్చంగా పాటించదు గాని, అంచనాకు పనికి వస్తుంది.

ఒక లెక్క వేద్దాం. గ్రిప్పు పొడవు 13 సెంటీమీటర్లు అనుకుంటే, అది గొట్టాన్ని తాకే వైశాల్యం 3.14 × 2.22 × 13, సుమారు 90 చదరపు సెంటీమీటర్లు. ప్రతి చదరపు సెంటీమీటరు మీద అర కిలో నొక్కుడు వుందనుకుందాం. మొత్తం 45 కిలోలు. ఘర్షణ గుణకం 0.5 అనుకుంటే గ్రిప్పును ఊడదీయడానికి 22 కిలోలకు పైగా బలం కావాలి. అదే గొట్టానికి నూనె రాసి వుండి, ఘర్షణ గుణకం 0.05కు పడిపోయిందనుకోండి. రెండు కిలోల పైచిలుకు చాలు! చిన్నపిల్ల లాగినా వచ్చేస్తుంది. గ్రిప్పు అదే, గొట్టం అదే, నొక్కుడూ అదే. మారినదల్లా మధ్యనున్న పలచని పొర.

ఈ పనిలోని చిక్కంతా ఇక్కడే వుంది. తొడిగేటప్పుడు ఘర్షణ మనకు శత్రువు. తొడిగిన మరుక్షణం నుంచి అదే మనకు దిక్కు. బండి ఇరుసుకు వేసే కందెన అక్కడే వుండిపోవాలి; గ్రిప్పుకు వేసే కందెన పని కాగానే వెళ్ళిపోవాలి. ఈ ఒక్క ముక్క గుర్తుంటే ఏది వాడాలో, ఏది వాడకూడదో ఎవరూ చెప్పనక్కరలేదు.

ఏ కందెన వెళ్ళిపోతుంది?

కొబ్బరినూనె, ఆముదం, గ్రీజు: ఇవి వెళ్ళవు. గ్రిప్పు సుళువుగా ఎక్కుతుంది, అంతే సుళువుగా దిగుతుంది.

కిరోసిను, పెట్రోలు: రబ్బరులాగే ఇవీ హైడ్రోకార్బన్లే గనుక సహజ రబ్బరులోకి ఇంకి, దాన్ని ఉబ్బిస్తాయి. ఉబ్బిన రబ్బరు మెత్తబడి పట్టు పోగొట్టుకుంటుంది. పెట్రోలు వల్ల నిప్పు భయం సరేసరి.

సబ్బు నీళ్ళు: ఊళ్ళో అందరూ చేసేది ఇదే. నీరు ఆరుతుంది గాని సబ్బు పొర మిగులుతుంది. ఎండలో బాగానే వుంటుంది. మొదటి వానకో, చేతి చెమటకో ఆ పొర మళ్ళీ తడిసి గ్రిప్పు తిరగడం మొదలుపెడుతుంది. పైగా లోపల చిక్కిన తడి ఇనుముకు తుప్పు పట్టిస్తుంది.

స్పిరిటు: ఇథైల్ ఆల్కహాలు గాని, ఐసోప్రొపైల్ ఆల్కహాలు గాని ఈ పనికి తగినవి. ఇథైల్ ఆల్కహాలు 78 డిగ్రీల దగ్గర, ఐసోప్రొపైల్ 82 డిగ్రీల దగ్గర మరుగుతాయి; మామూలు వేడిలోనే ఆవిరైపోతాయి. తడిగా వున్నంతసేపు జారుడు, ఆరాక ఏమీ మిగలదు. అయితే ఆల్కహాలుకు మన గది వేడిలోనే నిప్పు అంటుకుంటుంది. దగ్గర్లో పొయ్యి, బీడీ, అగరువత్తి వుండకూడదు. కిటికీలు తీసి పని చేయాలి.

శానిటైజరు: 2020 తర్వాత ప్రతి ఇంట్లోనూ చేరింది కదా, ఇదీ ఆల్కహాలే కదా అనిపించవచ్చు. కాని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన తయారీ సూత్రంలో చేతులు ఎండిపోకుండా 1.45 శాతం గ్లిజరాలు కలుపుతారు. ఆల్కహాలు ఎగిరిపోయాక ఆ గ్లిజరాలు గొట్టం మీద మిగిలిపోతుంది. చేతికి మేలు చేసేది గ్రిప్పుకు కీడు చేస్తుంది.

పంక్చరు సొల్యూషను: ఇది తడిగా వున్నప్పుడు జారుతుంది, ఆరాక అతుక్కుంటుంది. గ్రిప్పు కాస్త వదులుగా వున్నప్పుడు పలచగా రాస్తే మంచి పట్టు వస్తుంది. తర్వాత తీయాలంటే మాత్రం కోయవలసిందే.

పాత గ్రిప్పు తీయడం

ముందుగా తీసేది పారేయడానికా, మళ్ళీ వాడడానికా అని తేల్చుకోండి. సహజ రబ్బరు అణువుల్లో వుండే ద్విబంధాలను గాలిలోని ఆక్సిజను, ఓజోను నెమ్మదిగా కొరికేస్తాయి. అందుకే పాత గ్రిప్పు మీద బీటలు వస్తాయి. ప్లాస్టిక్ గ్రిప్పులో మెత్తదనం కోసం కలిపిన నూనె వంటి పదార్థం ఏళ్ళు గడిచేకొద్దీ పైకి వూరి జిగటగా తయారవుతుంది. బీటలు వారినదాన్ని, జిగట పట్టినదాన్ని దాచుకుని ప్రయోజనం లేదు. గొట్టం పొడవునా బ్లేడుతో కోసి, అరటితొక్కలా వొలిచేయండి. బ్లేడు ఎప్పుడూ రెండవ చేతికి దూరంగా, హేండిలు కొస వైపుకు పోవాలి. అల్యూమినియం హేండిలైతే రబ్బరును పూర్తి లోతు కోయకండి. లోహం మీద పడిన గీత దగ్గరే తర్వాత బీట మొదలయ్యే వీలుంది. మూడొంతులు కోసి చేత్తో చింపితే చాలు.

మళ్ళీ వాడేదైతే నునుపైన కొస వున్న పాత స్పోకును గ్రిప్పు అంచు కిందుగా రెండు మూడు సెంటీమీటర్లు నెమ్మదిగా దూర్చండి. పైకి లేచిన సందులో చుక్కల మందు డ్రాపరుతో గాని, సూది తీసేసిన సిరంజితో గాని స్పిరిటు వేయండి. చిమ్మే వీలుంది గనుక ముఖం పక్కకు పెట్టుకోవాలి. స్పోకును గొట్టం చుట్టూ తిప్పి, మళ్ళీ కొంచెం స్పిరిటు వేయండి. తరువాత రెండు చేతులతో గ్రిప్పును మెలిపెట్టండి. లాగవద్దు, ముందు మెలిపెట్టండి. లాగితే రబ్బరు సన్నబడి గొట్టాన్ని ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. మెలిపెడితే స్పిరిటు లోపలికంటా పాకుతుంది. గిర్రున తిరగడం మొదలయ్యాక తిప్పుతూ లాగితే వచ్చేస్తుంది.

కంప్రెసరు వున్న సైకిలు షాపులో ఇంకో పద్ధతి చూడవచ్చు. గ్రిప్పు అంచు కింద గాలి ముక్కు పెట్టి వదులుతారు. రబ్బరు గొట్టానికి ఎడమై గాలి పొర మీద తేలుతుంది, దానంతటది జరిగి వస్తుంది. వెళ్ళిపోయే కందెనల్లో గాలిని మించింది లేదు!

అసలు చూడవలసింది గొట్టం

గ్రిప్పు తీయగానే కొత్తది తొడిగేయాలని తొందరపడకండి. చేతి చెమటలోని ఉప్పు గ్రిప్పు కిందికి చేరి అక్కడే వుండిపోతుంది. మన విశాఖలో సముద్రపు గాలి తెచ్చే ఉప్పు దానికి తోడు. పైన మెరుస్తున్న హేండిలు గ్రిప్పు కింద పొరలు పొరలుగా తుప్పు పట్టి వుండవచ్చు. గ్రిప్పు వదులైతే న్యూస్‌పేపరు ముక్క చుట్టి తొడిగే అలవాటు మన దగ్గర వుంది. ఆ కాగితం చెమట పీల్చుకుని గొట్టానికి తడిగుడ్డ చుట్టినట్టే పని చేస్తుంది.

పై తుప్పు అయితే సాండ్‌పేపరుతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, చివరగా స్పిరిటు గుడ్డతో జిడ్డు తీసేయండి. గోటితో గీకితే పెచ్చులు లేస్తున్నా, గుంటలు పడివున్నా, ఎక్కడైనా వెంట్రుకంత బీట కనిపించినా గ్రిప్పు మాట వదిలి హేండిలునే మార్చాలి. గొట్టం కొసన పదును వుంటే ఆకురాయితో నున్నగా రుద్దాలి. లేకపోతే కొంతకాలానికి కొత్త గ్రిప్పు కొసను లోపలి నుంచి కోసుకుని బయటికి వస్తుంది.

కొత్తది తొడగడం

కొనేటప్పుడే రెండు విషయాలు చూసుకోండి. పొడవు బ్రేకు లివరు పట్టీకి తగలకూడదు. మరీ లావు వుండకూడదు. లావు గ్రిప్పు వేస్తే లివరు పూర్తిగా నొక్కకముందే గ్రిప్పుకు తగిలి బ్రేకు సరిగా పడదు.

గ్రిప్పు లోపల కొద్దిగా స్పిరిటు పోసి, బొటనవేలితో నోరు మూసి ఆడించి, మిగిలింది ఒంపేయండి. గొట్టానికి కూడా తడి చేయండి. ఆపకుండా, ఒక్క ఊపులో, తిప్పుతూ తోసేయండి. సగంలో ఆగి ఆలోచిస్తే స్పిరిటు ఆరి గ్రిప్పు అక్కడే బిగుసుకుంటుంది. వేళ్ళ గాడులు సరైన వైపు వున్నాయో లేదో తడి ఆరకముందే సరిచూడండి.

రెండవ గ్రిప్పు ఎక్కించేటప్పుడు ఎవరో లోపలి నుంచి వెనక్కి తోస్తున్నట్టు అనిపించవచ్చు. దయ్యం కాదు, బాయిల్ నియమం! మొదటి గ్రిప్పు గొట్టం ఒక కొసను మూసేసింది. ఇప్పుడు రెండవది లోపలి గాలిని నొక్కుతోంది. కొసన చిన్న రంధ్రం వున్న గ్రిప్పుకు ఈ బెడద లేదు. లేని దానికి లోపలి అంచును స్పోకుతో కాస్త ఎత్తి గాలి వదిలి, మళ్ళీ తోయాలి.

ప్లాస్టిక్ గ్రిప్పులకు స్పిరిటు కూడా అక్కరలేకపోవచ్చు. టీ అంత వేడి నీళ్ళలో రెండు నిమిషాలు వుంచితే మెత్తబడతాయి. నీళ్ళు విదిలించి, గుడ్డతో పట్టుకుని తొడిగితే చల్లారాక బిగుసుకుంటాయి. ఈమధ్య గేరు సైకిళ్ళకు వస్తున్న గ్రిప్పులకు కొసల్లో చిన్న అలెన్ బోల్టు వుంటుంది. అది వదులు చేసి తీయడమే, తిరిగి బిగించడమే. పిడి తిరగనంత బిగిస్తే చాలు. బలమంతా చూపిస్తే మర పాడవుతుంది.

తొందరపడి ఎక్కవద్దు

గిన్నెలో పోసిన స్పిరిటు త్వరగా ఆరుతుంది గాని గ్రిప్పు కింద చిక్కినదానికి గాలి తగిలే చోటు అంచు మాత్రమే. అందువల్ల రాత్రంతా ఆగాలి. సాయంత్రం తొడిగి పొద్దున్న తొక్కడం మంచి పద్ధతి. తొక్కే ముందు ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి, ఒక్కొక్క గ్రిప్పును రెండు చేతులతో బలం కొద్దీ మెలిపెట్టి, తరువాత లాగి చూడండి. ఇసుమంత కదిలినా ఇంకో రోజు ఆగండి. అప్పటికీ కదిలితే కొలత సరిపోలేదని అర్థం, వేరేది కొనండి. వేసవిలో ఒకసారి, వానలు మొదలయ్యాక ఒకసారి ఇదే పరీక్ష చేయండి.

దీనికి కావలసిన సరంజామా ఒక స్పోకు, ఒక బ్లేడు, చారెడు స్పిరిటు, ఒక రాత్రి ఓపిక. మన సైకిలు అయ్యాక ఇంట్లో తమ్ముడిదో, చెల్లెలిదో, పాలు పోసే పెద్దాయనదో కూడా ఒకసారి పట్టుకుని చూడండి. హేండిలు కొస నోరు తెరుచుకుని వుంటే అది మూసేదాకా ఆ సైకిలును పిల్లల చేతికి ఇవ్వకండి.