రెండు కొసలూ కట్టు

ఆకివీడు,
ఆదివారం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తయ్య మోకాళ్ళ సంగతి మామూలే. ఆమధ్య ఒక రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అన్నయ్యా, వాడు పడవ కొంటున్నాడట" అంది. అని ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఉప్పుటేటి సంగతి ఈ ఉత్తరంలో ఎత్తను. వద్దని చెప్పమంటుందేమో అనుకున్నాను. అనలేదు. "జాగ్రత్తలు రాయి, నీ మాటైతే వింటాడు" అంది. నువ్వు నా మాట ఎప్పుడు విన్నావో నాకు గుర్తులేదు గానీ, చెల్లెలు అడిగింది కాబట్టి రాస్తున్నాను.

నువ్వు పంపిన ఫొటో చూశాను. 12 అడుగుల ఆకుపచ్చ కయాక్, పక్కన నీ చిన్న కారు. పడవను చూస్తే నాకు భయం వెయ్యలేదు అల్లుడూ, కారును చూస్తే వేసింది. ఫ్రిస్కోలో ఇల్లు మారినప్పుడు పరుపును కారు మీద పడేసి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పట్టుకుని తోలిన ఘనుడివి నువ్వు. ఆ పరుపు ఎక్కడ దిగిపోయిందో మీ ఆవిడ చెబితే ఇంటిల్లిపాదీ నవ్వారు. నలభై ఏళ్ళు లారీ మీద బతికినవాణ్ణి, నాకు మాత్రం నవ్వు రాలేదు.

ముందు పడవ మాట. పక్కింటి కుర్రాడు వారం రోజుల పాటు ఫోన్‌లో వీడియోలు చూపించాడు. చూడగా చూడగా తెలిసిందేమిటంటే, మీ కయాక్ మన కొల్లేటి తాటిదోనెకు ప్లాస్టిక్ చుట్టం. ఒంటి మనిషి, ఒక తెడ్డు, కాళ్ళ దగ్గర చేపలు. దోనె మీద పెరిగినవాణ్ణి కనుక నాలుగు ముక్కలు చెప్పే హక్కు నాకుంది.

కయాక్‌లు రెండు రకాలట. కాళ్ళు లోపలికి చాపి కూర్చునేది ఒకటి, పీట మీద కూర్చున్నట్టు పైన కూర్చునేది ఇంకొకటి. చేపలకు వెళ్ళేవాడివి, అందులోనూ మొదటిసారి, పైన కూర్చునేదే తీసుకో. దాని అడుగున చిల్లులుంటాయి, పైన పడ్డ నీళ్ళు వాటిలోంచి కిందికి పోతాయి. తిరగబడ్డా నిండిపోదు, వెల్లకిలా తిప్పి మళ్ళీ ఎక్కొచ్చు. మా దోనె తిరగబడితే బురదలో నడుం లోతున నిలబడి దాన్ని తిట్టుకునేవాళ్ళం. కొల్లేరు లోతు అంతే. మీ లూయిస్‌విల్ చెరువు అలా నిలబడనివ్వదు. అందుకని కొన్న వారంలోనే ఒడ్డు దగ్గర, వేసవిలో, పక్కన మనిషిని పెట్టుకుని, కావాలని బోల్తా కొట్టించి ఎక్కడం నేర్చుకో. నలుగురూ చూస్తారని సిగ్గుపడకు.

వెడల్పు చూసుకో. సన్నని పడవ చురుగ్గా పోతుంది, వెడల్పాటిది నిలకడగా ఉంటుంది. గేలం విసిరేవాడు పక్కకి వాలతాడు. నువ్వు చిన్నప్పుడు అన్నానికి కూర్చున్నా పక్కకే వాలేవాడివి. 30 అంగుళాలకు తక్కువైతే ముట్టుకోకు, 33, 34 ఉంటే మంచిది. మేము ఇద్దరం వెళ్ళాల్సి వస్తే రెండు దోనెలు పక్కపక్కన కలిపి కట్టేవాళ్ళం, ఆ వెడల్పు కోసమే. ఇక మోసే బరువు. కాగితం మీద 350 పౌండ్లు అని ఉంటే అది నీ లెక్క కాదు, అమ్మేవాడి లెక్క. అందులో పదింట ఏడు వంతులు దాటకు. నువ్వు, కుర్చీ, గేలాలు, ఐసు పెట్టె, మంచినీళ్ళు, దేవుడు దయ తలిస్తే చేపలు, అన్నీ అందులోనే. లారీకి పర్మిట్ ఎంతో, ఎక్కించేది ఎంతో నాకు తెలియంది కాదు. ఎక్కువేసుకున్న రోజున బండి మన మాట వినదు.

అసలు చూడాల్సింది పడవ సొంత బరువు. నువ్వు ముచ్చటపడ్డ 12 అడుగులది 75 పౌండ్లట, అంటే 34 కిలోలు. కాళ్ళతో తొక్కేవి కొన్ని 100 పౌండ్లు దాటతాయి. దుకాణంలో ఇద్దరు కుర్రాళ్ళు ఎత్తి చూపిస్తారు, తేలికే అనిపిస్తుంది. తెల్లవారుజామున ఎత్తినవాడు సాయంత్రం ఎత్తలేడు. ఎండలో అలిసి, నడుం పట్టేసి, ఒంటరిగా దాన్ని కారు పైకి చేర్చాలి. నీ ఎడమ భుజం సంగతి మీ అమ్మ దగ్గర దాచావు గానీ నా దగ్గర దాచలేదు. ఇప్పుడెలా ఉంది? నూనె రాస్తున్నావా? నా మాట విని 10 అడుగులది, తెడ్డుతో నడిపేది, 60 పౌండ్ల లోపు, ఎవరో ఒకటి రెండేళ్ళు వాడి అమ్మేది చూసుకో. కొనే ముందు బోర్లించి, చిల్లుల చుట్టూ పగుళ్ళున్నాయేమో వేలితో తడిమి చూడు. నీళ్ళ దాకా తోసుకెళ్ళడానికి రెండు చక్రాల బండి కూడా కొనుక్కో. కాంక్రీటు మీద ఈడవకు.

ఇక కట్టు. అల్లుడూ, ఇక్కణ్ణుంచి జాగ్రత్తగా చదువు.

1976లో, అంటే ఉప్పెనకు ముందటేడు, మీ తాతయ్య ఒక దోనె కొన్నారు. రెండెడ్ల బండి మీద ఊరికి తేవాలి. నాకు పదిహేడేళ్ళు, అన్నీ తెలుసు. మోకు తీసుకుని దోనె నడుముకి, బండికి కలిపి ఏడు చుట్లు చుట్టి పీటముడి వేశాను. ఏనుగొచ్చినా కదలదన్నాను. కాలవ వంతెన మలుపులో ఎడ్లు తిరిగాయి, దోనె తిరగలేదు. తర్వాత తీరిగ్గా తిరిగింది, గడియారం ముల్లులా. ఎదురుగా కావిడితో వస్తున్న గీత కార్మికుడి కుండలు రెండూ దాని తోక తగిలి కాలవలో కలిశాయి. ఆ పూట చేపలు కూడా తూలాయని ఊళ్ళో చెప్పుకున్నారు. తాతయ్య కల్లు డబ్బు లెక్కగట్టి ఇచ్చారు. నన్ను ఒక్క మాట అనలేదు. గట్టు మీద కూర్చుని చుట్ట ముట్టించి, "విప్పు. ముక్కు కట్టు. తోక కట్టు" అన్నారు. కట్టాను. "విప్పు" అన్నారు. పొద్దుగూకేదాకా అదే పని. చివరికి, "నడుం కట్టు బరువు మోస్తుందిరా, కొసల కట్టు దారిలో పెడుతుంది" అన్నారు. ఆ చుట్ట వాసన ఇప్పటికీ తాడు పట్టుకుంటే వస్తుంది నాకు.

కనుక కారు పైన రెండు అడ్డకడ్డీలు, వీలైనంత ఎడంగా. అవి ఎంత మోస్తాయో కారు పుస్తకంలో ఉంటుంది, చదువు. కడ్డీల బరువూ ఆ లెక్కలోదే. నడుముకి రెండు బెల్టులు. కిటకిటమని తిప్పి బిగించే రాచెట్ బెల్టులు వద్దు, చేత్తో లాగి బిగించేవి చాలు. మీ టెక్సాస్ ఎండకు ఆ ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అతిగా బిగిస్తే పడవ అడుగు సొట్టపడుతుంది, ఆ సొట్ట ఒక్కోసారి అలాగే ఉండిపోతుంది. బెల్టును ఒక మెలిక తిప్పి కట్టు, లేకపోతే గాలికి దారంతా బుర్రుమని మోగుతుంది. ఆపైన ముక్కుకి ఒక తాడు, తోకకి ఒక తాడు. ముందు కట్టడానికి కొక్కెం లేదంటావు. బానెట్ కింద బోల్టుకు బిగించే ఉచ్చులు అమ్ముతారు. పద్దెనిమిది చక్రాల లారీ పక్కనుంచి పోతే దాని గాలి పడవ ముక్కును పట్టి లేపుతుంది. నేను ఆ లారీ వైపు మనిషిని, నాకు తెలుసు.

కట్టాక పడవను పట్టుకుని ఊపు. పడవతో పాటు కారూ ఊగాలి. పడవ ఒక్కటే ఊగిందా, విప్పు, మళ్ళీ కట్టు.

హౌరాకు చేపల లోడు వేసుకుని బయల్దేరితే, నాకు పని నేర్పిన డ్రైవరు ఉండి ఊరు దాటగానే బండి ఆపేవాడు. నేను క్లీనర్ని, నిద్రమత్తులో విసుక్కునేవాణ్ణి. "కట్టినప్పుడు తాడు అబద్ధం చెబుతుందిరా, పది కిలోమీటర్లు పోయాక నిజం చెబుతుంది" అనేవాడు. ప్రతిసారీ రెండు మూడు వేళ్ళు వదులయ్యేది. నువ్వూ పది నిమిషాలు తోలి ఆపు. తాళ్ళన్నీ తడిమి చూడు. మన మీద నుంచి పడ్డది మన వెనక వచ్చేవాడి మీద పడుతుంది. ఆ వెనక కారులో కూడా మీ పాపలాంటి ఒక పాప ఉంటుంది.

స్నేహితుడి పికప్ ట్రక్కు అడిగి తెస్తానన్నావట. మంచిదే, కానీ ఐదున్నర అడుగుల తొట్టిలో 12 అడుగుల పడవ ఎంత బయటికి వస్తుందో లెక్కేసుకో. వెనక నాలుగడుగులు దాటితే 12 అంగుళాల ఎర్రగుడ్డ కట్టాలని మీ రాష్ట్రంలో చట్టముందట, రాత్రయితే ఎర్ర దీపం. ఎర్రగుడ్డ కట్టడం నీకు నేను నేర్పాలా?

లైఫ్‌జాకెట్ గురించి ఒకటే మాట. పాపకు ఆరేళ్ళు. 13 ఏళ్ళ లోపు పిల్లలు తొడుక్కునే ఉండాలి, పెద్దవాళ్ళకు పడవలో ఉంటే చాలు అంటుందట అక్కడి చట్టం. ఆ చట్టం రాసినవాడికి మేనమామ లేడనుకుంటాను. నువ్వు తొడుక్కో. ఇంట్లో ఏ రేవులో దిగుతున్నావో, ఎన్నింటికి వస్తావో చెప్పి వెళ్ళు. పాపను మొదటి ఏడాది ఎక్కించకు. ఇంతకంటే రాస్తే ఉప్పుటేటి దాకా పోతాను.

వచ్చేటప్పుడు పడవలో చుక్క నీరు లేకుండా వంచి, కడిగి, ఆరబెట్టు. జీబ్రా మస్సెల్ అనే గవ్వ పురుగు 2009లో మీ టెక్సోమా చెరువులో కనబడి, పడవలు పట్టుకుని చెరువు నుంచి చెరువుకు పాకిందట. ఒక గుర్రపుడెక్క మొక్క కొల్లేటిని ఏం చేసిందో చూసినవాణ్ణి, నవ్వకుండా విను.

ఎదిగిన పిల్లాడికి ఇన్ని చెప్పాలా అని మీ అత్తయ్య పక్కనుంచి సాధిస్తోంది. నిజమే. పన్నెండేళ్ళప్పుడు దోనె ఎక్కించమని నా పంచె పట్టుకుని ఏడిస్తే ఎక్కించలేదు నిన్ను. ఆ కోపం నీకింకా ఉందో లేదో, నాకు మాత్రం ఆ బెంగ ఉంది. ఇప్పుడు నీ డబ్బుతో నువ్వే కొనుక్కుంటున్నావు. వెళ్ళు, హాయిగా తిరుగు. చేప పడితే ఆ ఫొటో మీ అమ్మకు పంపు. నాకు చేప వద్దు. ముక్కు కట్టు ఒకటి, తోక కట్టు ఒకటి, రెండు ఫొటోలు పంపు.

ఇట్లు,
మీ మామయ్య

తాజా కలం: వచ్చే నెల అటు వస్తున్నవాళ్ళతో ఆవకాయ పంపుతున్నాం. సీసాకు చుట్టిన ఎర్రగుడ్డ పారెయ్యకు. అడుగున్నర చదరం ఉంటుంది, అంచులు కూడా కుట్టి ఉన్నాయి. కత్తిరించింది, కుట్టింది మీ అమ్మే.