మెడ వంచితే కొట్టే షాక్

తల కిందికి వంచగానే మెడ వెనక నుంచి వెన్ను వెంబడి కరెంటు షాక్‌లా జుమ్మని పాకి చేతుల్లోకో కాళ్లలోకో దిగిపోతుంది. ఉండేది కొన్ని సెకన్లే. తల ఎత్తితే ఆగుతుంది, మళ్లీ వంచితే మళ్లీ వస్తుంది. దీన్ని డాక్టర్లు లెర్మిట్ సంకేతం అంటారు. లెర్మిట్ ఫ్రాన్సు దేశపు నరాల వైద్యుడు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే జబ్బుతో దీనికున్న సంబంధాన్ని 1924లో వివరించాడు. ఆ జబ్బును క్లుప్తంగా ఎంఎస్ అంటారు.

మన చేవెళ్ల, మొయినాబాద్ రైతులకు బోరు మోటారు వైరు పోలిక చెబితే సులువుగా అర్థమవుతుంది. వైరు మీది తొడుగు ఒకచోట చిట్లినా, కదపనంతసేపు మోటారు నడుస్తుంది. సరిగ్గా అక్కడ వంచితే చిటపటమంటుంది. మన నరాలకూ మైలిన్ అనే తొడుగు ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే దారి తప్పి ఎంఎస్‌లో ఆ తొడుగును తినేస్తుంది. మెడలోని వెన్నుపాము దగ్గర తొడుగు పోయినవారికి, తల వంచినప్పుడు అక్కడి నరాలు సాగి ఈ షాక్ పుడుతుంది. షాక్ వచ్చిన ప్రతిసారీ నరం కొత్తగా దెబ్బతింటోందని కాదు. ఈ జబ్బు ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది, ఆడవారిలో ఎక్కువ. అంటుకునేది కాదు.

అయితే షాక్ కొట్టిన ప్రతివారికీ ఎంఎస్ ఉన్నట్టు కాదు. బి12 విటమిన్ తగ్గినా, మెడలో డిస్కు వెన్నుపామును నొక్కినా ఇలాగే అవుతుంది. షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గవచ్చు. మొదటిసారి కనిపించినప్పుడే నరాల డాక్టరుకు చూపించాలి, మెదడుకు, మెడకు ఎంఆర్ఐ తీయమంటే తీయించాలి. సెలూన్‌లో మెడ పటుక్కుమనిపించుకునే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. ఈ బాధ ఉన్నవారు ఆ పని అసలు చేయకూడదు.

ఇక రోజువారీ బతుకు. మా వైపు బట్టలు కుట్టే ఒక అమ్మాయికి ఈ బాధ ఉంది. కుట్టు పనంటేనే రోజంతా తల వంచడం. కుట్టు మిషన్ కింద రెండు చెక్క దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచాక, అరగంటకోసారి లేచి తిరగడం మొదలుపెట్టాక కొంత ఊరట దొరికింది. చదువుకునే పిల్లలకు ఏటవాలు పలక, ఫోను చూసేవారికి కంటి ఎత్తు, గులాబీ తోటల్లో పూలు కోసేవారికి వంగే పని తగ్గించడం, ఇవన్నీ ఖర్చు లేని మందులే. ఎండాకాలం, అలసట బాధను పెంచుతాయి. మరీ ఎక్కువైతే డాక్టరు రాసే మాత్రలున్నాయి.

ఒంటి మీద గాయం ఉండదు, నడక బాగానే ఉంటుంది. కాబట్టి ఇంట్లో 'పని ఎగ్గొట్టడానికి సాకు' అన్న మాట వస్తుంది. ఆ మాట షాక్ కంటే ఎక్కువ బాధిస్తుందని ఆ అమ్మాయే చెప్పింది. మసీదులోనూ అంతే. రుకూ, సజ్దాలో మెడ వంగక తప్పదు. నిలబడలేనివారు కూర్చుని, అదీ వీలుకాకపోతే పడుకుని నమాజ్ చేసే వెసులుబాటు హదీసులోనే ఉంది. పాతికేళ్ల కుర్రాడు కుర్చీలో కూర్చుంటే ఎగాదిగా చూడకండి. తన పరిస్థితికి ఏది సరో అతను ఇమాం సాబ్‌ను అడిగి తెలుసుకుంటాడు.

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఎంఎస్ ఉంది. కానీ చాలా సౌకర్యాలకు 40 శాతం వైకల్యం ఉండాలి, షాక్ ఒక్కటే ఉన్నవారికి అంత రాదు. అలాంటి కుటుంబానికి దాతలే దిక్కు. మనం వీల్ చైరు ఇవ్వడానికి ముందుకొస్తాం, ఫోటో కూడా దిగుతాం. వీరికి కావలసింది అది కాదు. దాడులను తగ్గించే మందులు ఖరీదైనవి, ఏళ్ల తరబడి ఆపకుండా వాడాలి. ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చే బదులు, నెలనెలా మందుల షాపుకు చెల్లిస్తే మేలు. కుట్టు మిషన్ల జాబితా రాసేటప్పుడు మెడ సంగతి కూడా ఒక మాట అడగండి. పరీక్షల కోసం పట్నం పోవలసిన రోజున, తోడు వెళ్లే మనిషి పోగొట్టుకునే కూలిని కూడా లెక్కలో వేయండి.