చిత్రకథల తిరునాళ్లలో ఒక దినము

బొమ్మలు చూచుట చదువు కాదని మనలో పెక్కుమంది తలంతురు. మేమును కొంతకాలము క్రిందటివరకు అట్లే తలంచితిమి. ఎనిమిదవ తరగతి విద్యార్థి యొకడు లెక్కల పుస్తకము చివరి పుటలలో బొమ్మలు గీయుచుండగా చూచి, కోపము పట్టజాలక ఆ పుటలను చించివేసితిమి. అతడు నోరు మెదపక ఆ ముక్కలను ఏరుకొని జేబులో పెట్టుకొనెను. మేమీ వ్యాసమును వ్రాయుటకు మొదటి కారణము ఆ ముక్కలే.

హైదరాబాదునందు జరుగు చిత్రకథల ప్రదర్శనమునకు పోవలెనని విద్యార్థులు కోరిరి. దానిని కామిక్ కాన్ అందురు. కోరినవారి పట్టికలో ఈ బాలుని పేరును గలదు. అతనిది ఆదోని తట్టు పల్లె. వానలు లేని యేట అచ్చటి జనము ఇండ్లకు తాళములు వేసి, గుంటూరు ప్రాంతమునకు మిరపకాయలు కోయ పోవుదురు. దీనినే ‘సుగ్గికి పోవుట’ యందురు. తల్లిదండ్రులతో పిల్లలును పోవుదురు. పోయినవారిలో కొందరు మరల బడికి రారు. సమ్మతి కోరుటకు మేము ఆ బాలుని తండ్రికడకు పోగా ఆయన, “అయ్యవారూ, బొమ్మలు చూడనీకి అంత దూరం పోవల్లనా? బొమ్మలు కూడు పెడతాయా?” అని యడిగెను. మాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. తుదకు ఆయన యొప్పుకొనెను.

కామిక్కు అను మాటకు మొదట హాస్యమునకు సంబంధించినదని యర్థము. నేడు, బొమ్మలను గళ్లలో వరుసగా పేర్చి చెప్పు కథ యేదైనను, హాస్యమైనను శోకమైనను, ఆ పేరనే పిలువబడుచున్నది. ఇట్టి కథల ప్రియులు ఒకచోట కూడు వాడుక అమెరికాలో బలపడెను. శాన్ డియాగో నగరమున 1970లో ఒక హోటలునందు కొద్దిమందితో మొదలైన సభ నేడు లక్షకు పైబడిన జనము వచ్చు ఉత్సవమైనది. జపాను దేశపు టోకియోలో 1975 డిసెంబరున ఇట్టిదే మరియొకటి వెలసెను. మన దేశమున 2011లో ఢిల్లీయందును, 2013లో హైదరాబాదునందును ఇవి ఆరంభమయ్యెను.

ఒక శనివారము తెల్లవారుజామున నాలుగు గంటలకు బస్సులో కర్నూలు విడిచితిమి. తుంగభద్ర దాటి, జడ్చర్ల మీదుగా సుమారు 210 కిలోమీటర్లు పయనించి, మాదాపూరు కడనున్న హైటెక్స్ ప్రదర్శనశాలకు చేరితిమి. లోపల అడుగిడగనే మాకు మన తిరునాళ్లే జ్ఞప్తికి వచ్చెను. అంగళ్ల వరుసలు, త్రోపులాట, బొమ్మల బేరములు, పిల్లల కేకలు, అన్నియు నట్లే యుండెను. భేదమేమనగా ఇచ్చట దేవుని రథమునకు మారుగా పుస్తకముల చుట్టు జనము మూగియుండిరి.

మా విద్యార్థులను మొదట ఆకర్షించినవి వేషములు. కథలలోని వీరుల వలె అట్టలతోను, స్పంజితోను కవచములు చేసికొని యువతీయువకులు తిరుగుచుండిరి. దీనిని కాస్‌ప్లే యందురు; ఈ మాట జపానున పుట్టినది. ఒక బాలిక, “ఇది మన పగటివేషమే గదా!” అనెను. ఆ మాట నిజము. మన పల్లెలకు వచ్చు పగటివేషగాండ్రును తమ వేషమునకు తగిన మాట, నడక నేర్చి, దినమంతయు ఆ పాత్రయందే యుందురు. అయితే ఒక భేదము గలదు. వీరికి వేషము వినోదము. వారికి అది జీవనము.

లోపల ఒక భాగమున చిత్రకారులు బల్లలు వేసికొని, తాము గీసిన పుస్తకములను తామే అమ్ముకొనుచుండిరి. అందొక యువకుడు మా విద్యార్థులను చేరబిలిచి, ఒక పుట యెట్లు తయారగునో చూపెను. మొదట కథను మాటలలో వ్రాసికొనవలెను. పిమ్మట పుటను గళ్లుగా విభజించి, ఏ గడిలో ఏమి జరుగునో చిన్న గీతలతో గుర్తించుకొనవలెను. తరువాత పెన్సిలుతో గీచి, సిరాతో దిద్ది, రంగులు నింపవలెను. పాత్రల మాటలు బుడగలలో నుండును. ఆ బుడగలకు చోటును మొదటనే విడువకున్నచో అవి తుదకు ముఖములను కప్పివేయును.

అన్నింటికంటె ముఖ్యమైన పాఠము గళ్లనడుమ నుండు తెల్లని సందును గూర్చినది. ఆ యువకుడు రెండు గళ్లు గీసెను. మొదటిదానిలో ఒక రైతు ఆకాశమువంక చూచుచున్నాడు. రెండవదానిలో గడపకడ బురద యంటిన చెప్పులున్నవి. “నడుమ ఏమి జరిగెను?” అని యడుగగా, పిల్లలందరును ఒక్క పెట్టున, “వాన కురిసినది!” అనిరి. వానను అతడు గీయలేదు. చదువరి మనస్సే దానిని కురిపించెను. సినిమాయందు కదలిక యంతయు మన కన్నుల యెదుటనే జరుగును. చిత్రకథయందు సగము పని చదువరిదే. కావున దీనిని చదువుట సోమరితనమనుట సరికాదని మాకు తోచెను.

మరియొక అంగడిలో సూపర్‌మాన్ పుస్తకములను చూచి విద్యార్థులు ఉప్పొంగిరి. ఈ వీరుని కథ మీరెరుగుదురు. ఇతని సృష్టికర్తల కథ ఎరుగదగినది. జెరీ సీగెల్, జో షుస్టర్ అనువారు అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున ఒకే ఉన్నత పాఠశాలలో చదివిన మిత్రులు. ఒకడు కథ వ్రాసెను, ఒకడు బొమ్మ గీసెను. 1938లో అది అచ్చయినది. కాని వారు తమ సృష్టిపై గల హక్కును 130 డాలర్లకే అమ్ముకొనిరి. ప్రచురించినవారు ధనవంతులైరి, వీరు దీర్ఘకాలము న్యాయస్థానముల చుట్టు తిరిగిరి. చేతిపని నేర్చినవాడు దాని విలువను గూడ నేర్వవలయును.

సాయంకాలమునకు ఒక సంగతి మా మనస్సును కలచెను. మేము చూచినంతలో అంగళ్లలో నెక్కువ పుస్తకములు ఆంగ్లమున నుండెను; తెలుగు కంటబడుట యరిదాయెను. ఇట్లేల కావలెను? బొమ్మలతో కథ చెప్పుట మనకు క్రొత్త గాదు. శ్రీశైల దేవాలయపు ప్రాకారముపై ఏనుగులు, వేటలు, పురాణగాథలు వరుసలు తీర్చి చెక్కబడియున్నవి. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పున పదునారవ శతాబ్దపు వర్ణచిత్రములు కథలను చెప్పుచున్నవి. ధర్మవరము చేరువనున్న నిమ్మలకుంటలో మేకతోలుపై రామాయణపాత్రలను గీచి, తెరవెనుక దీపమునుంచి ఆడించు కుటుంబములు నేటికిని గలవు. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ లభించెను.

ఇంతకంటె దగ్గర నిదర్శనము మన కడప జిల్లాయందే గలదు. 1912లో పొట్టిపాడు గ్రామమున జన్మించిన బి. నాగిరెడ్డి గారు, చక్రపాణి గారితో గూడి 1947 జూలైలో మద్రాసున ‘చందమామ’ పత్రికను స్థాపించిరి. అది మొదట తెలుగు, తమిళములలో వెలువడి, పిమ్మట దేశమునందలి పెక్కు భాషలకు వ్యాపించెను. చందమామ కథలకు ఎం.టి.వి. ఆచార్య, వడ్డాది పాపయ్య, శంకర్ మొదలగువారు వేసిన బొమ్మలను చూచి అక్షరములు నేర్చినవారు లక్షలు. విక్రమార్కుడు శవమును భుజమున మోయు బొమ్మను మరచిన తెలుగువాడు అరుదు. ఆ పత్రిక నేడు వెలువడుట లేదు. ఆ చోటు ఖాళీగా నున్నది.

తిరుగు ప్రయాణమున బస్సులో అందరును నిద్రించిరి. ఆ బాలుడు మాత్రము దీపపు వెలుగున ఏదో గీయుచుండెను. ఈమారు మేము వారింపలేదు. అతడు తన జేబులోని పాత ముక్కలను మాకు చూపగా, మేము సిగ్గుపడి, మా తప్పును ఒప్పుకొని, వాటిని జిగురుతో అతికించి యిచ్చితిమి.

తల్లిదండ్రుల దినమున అతని పుటను గోడపై నుంచితిమి. అందు నాలుగే గళ్లు; ఒక్క మాటయు లేదు. మొదటిదానిలో బోరు వేయుచున్నారు. రెండవదానిలో నీటికి బదులు దుమ్ము లేచినది. మూడవదానిలో మూటలు కట్టుచున్నారు. నాలుగవదానిలో మూసిన తలుపు, దానికొక తాళము. తండ్రి ఆ నాలుగవ గడిముందు చాలసేపు నిలువబడి, “ఈ తాళం మన యింటిదే కదరా” అనెను. పిమ్మట మాకడకు వచ్చి, “ఈ యేడు నేనూ, వాళ్లమ్మా పోతాము. వాడు ఈడనే చదువుకోనీ, అయ్యవారూ” అని చెప్పెను. బొమ్మలు కూడు పెట్టునో లేదో మేమెరుగము. ఒక బాలుని బడిలో నిలిపినవని మాత్రము ఎరుగుదుము.

విద్యార్థులారా! సెలవులలో మీరును ఒక పని చేయుడు. ఒక కాగితమును నాలుగు గళ్లుగా మడువుడు. మీ వీధిలో, మీ పొలమున, మీ కన్నులతో చూచిన ఒక సంగతిని అందు గీయుడు. మాటలు పదింటికి మించరాదు. దానిని ఇంటిలో చదువురాని పెద్దవారికి చూపి, వారికేమి తెలిసినదో యడుగుడు. వారికి తెలియనిచో దోషము వారిది గాదు, మరల గీయుడు.