జీవామృతం ఫోటో పాఠం: ఏది సరిచేయాలి, దేన్ని ముట్టుకోకూడదు

మీరు ద్రవ జీవామృతం కలుపుతూ ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. పక్క ఊరి వాళ్లు వాటిని చూసే నేర్చుకుంటున్నారు. ఫోటో మసకగా ఉన్నా, రంగు మారినా వాళ్లు తప్పు నేర్చుకుంటారు. అందుకే ఈ చిన్న పాఠం. కొత్త యాప్ ఏదీ అక్కర్లేదు, మీ ఫోన్ గ్యాలరీలో ఉండే 'ఎడిట్' చాలు.

ముందు ఫోటో బాగా తీయండి

కెమెరా అద్దాన్ని చీర కొంగుతో తుడవండి. నవ్వకండి, సగం మసక ఫోటోలకు కారణం అదే! మిట్టమధ్యాహ్నం ఎండలో కాకుండా ఉదయం పూట, నీడలో తీయండి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి. వీటన్నిటినీ ఒకే ఫోటోలో కుక్కకండి. ఒక్కోదానికి ఒక్కో ఫోటో తీయండి. బెల్లం కాటా మీద ఉన్నప్పుడు తీస్తే తూకం కూడా కనిపిస్తుంది, వేరే రాయక్కర్లేదు.

కర్రతో కలిపేటప్పుడు వెనక కెమెరాతోనే తీయండి. సెల్ఫీ కెమెరా కొన్ని ఫోన్లలో బొమ్మను అద్దంలోలా తిప్పి సేవ్ చేస్తుంది. గడియారం ముల్లు తిరిగే వైపు కలపమని మనం చెబుతుంటే, ఫోటోలో కర్ర ఎదురు తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు ఎడిటింగ్

మొదట అసలు ఫోటోకి కాపీ చేసుకుని, ఆ కాపీ మీదే పని చేయండి. 'క్రాప్'తో పక్కనున్న చెప్పులు, కోళ్లు, గోడ కత్తిరించేయండి. డ్రమ్ము లోపల చీకటిగా ఉంటే చాలామంది 'బ్రైట్‌నెస్' పెంచేస్తారు. అలా చేస్తే ఆకాశం, తెల్ల డ్రమ్ము అంచు తెల్లగా వెలిసిపోతాయి. దాని బదులు 'షాడోస్' కొద్దిగా పెంచండి, చీకటి భాగం మాత్రమే తేటపడుతుంది. తర్వాత ఒక బాణం గుర్తు, నాలుగైదు పెద్ద తెలుగు మాటలు చాలు. ఫోన్‌ను చెయ్యి చాచినంత దూరంలో పెట్టి చూడండి. అక్షరాలు చదవలేకపోతే ఇంకా పెద్దవి చేయండి. మన అమ్మలు, అత్తలు కూడా చదవాలి కదా.

గోడ మీద మరక, లెన్స్ దుమ్ము చుక్క 'ఎరేజర్'తో తీసేయొచ్చు. కానీ ఆకు మీద పురుగును తీసేయకండి. చెప్పాల్సిన పాఠం ఆ పురుగే!

నేను చేసిన తప్పు

మిరప పోస్టర్ ఒకటి తయారుచేస్తూ, చోటు సరిపోవడం లేదని ఆకు ఫోటోను తలకిందులు చేశాను. పచ్చగా కనిపించాలని ఫిల్టర్ కూడా వేశాను. ఒక రైతు చూసి, "సార్, ఇది పై ముడతా, కింది ముడతా?" అని అడిగారు. నోట మాట రాలేదు. తామర పురుగులు ఆశిస్తే ఆకు పైకి ముడుచుకుంటుంది, నల్లి ఆశిస్తే కిందికి ముడుచుకుంటుంది. రెండింటికీ నివారణ వేరు. నేను తిప్పిన ఫోటోను నమ్మి మందు కొట్టి ఉంటే డబ్బు, పంట రెండూ పోయేవి. అప్పటి నుంచి ఆకు, కాయ, మట్టి ఫోటోలకు ఫిల్టర్ వేయను, తిప్పను, రంగు మార్చను. మీరూ వేయకండి.

అంకెలు దాచేటప్పుడు

ఫోటో వెనక ఆధార్, పాస్‌బుక్ పడితే మార్కర్ గీతతో కొట్టేసి పంపేస్తుంటారు. హైలైటర్ లాంటి పలచటి గీతయితే, వెలుతురు పెంచగానే అంకెలు మళ్లీ కనిపిస్తాయి. క్రాప్ చేసేయడం అన్నిటికంటే మేలు. కుదరకపోతే నిండు నల్ల డబ్బా పెట్టండి. ఎక్కడైనా ఆధార్ ఇవ్వాల్సి వస్తే, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందేమో అడగండి.

ఒక హెచ్చరిక

ఇప్పటిదాకా చెప్పినదంతా నేర్పించే ఫోటోలకే. ఇంటి నిర్మాణ దశల ఫోటో, పంట నష్టం ఫోటో, ధ్రువపత్రం, ఇవి సాక్ష్యాలు. వాటికి వెలుతురు కూడా పెంచకండి. మసకగా వస్తే మళ్లీ తీయండి. ఎడిట్ చేసినట్టు అనుమానం వస్తే మీ దరఖాస్తు ఆగిపోవచ్చు, నిజంగా నష్టపోయినవాళ్లే అప్పుడు ఇబ్బంది పడతారు.

వాట్సాప్‌లో పంపేటప్పుడు 'హెచ్‌డీ' నొక్కండి. లేకపోతే మీరు కష్టపడి రాసిన అక్షరాలు అవతలి ఫోన్‌లో అలుక్కుపోయి కనిపిస్తాయి. ఈసారి డ్రమ్ము కలిపే రోజు మూడు ఫోటోలతో మొదలుపెట్టండి: కాటా మీద బెల్లం, కలుపుతున్న కర్ర, 48 గంటల తర్వాత నీడలో ఉన్న డ్రమ్ము. గ్రూపులో పెట్టేముందు, జీవామృతం ఎప్పుడూ చేయని ఒకరికి చూపించి ఏం అర్థమైందో అడగండి.