వాహనాల పొగ – గర్భిణుల రక్తపోటు

గర్భం 20 వారాలు దాటాక రక్తపోటు 140/90కి చేరి, మూత్రంలో ప్రొటీన్ పోతుంటే అది ప్రీఎక్లాంప్సియా. ముదిరి ఫిట్స్ వస్తే ఎక్లాంప్సియా, అంటే గుర్రపువాతం. తల్లికీ బిడ్డకీ ప్రాణగండమే.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్, ఆరెంజ్ కౌంటీల్లో 1997–2006 మధ్య జరిగిన 81 వేలకు పైగా కాన్పులను పరిశీలించిన అధ్యయనం 2009లో వెలువడింది. ఇళ్ల సమీపంలో వాహనాలు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు అత్యధికంగా ఉన్నచోట ప్రీఎక్లాంప్సియా ముప్పు 33 శాతం ఎక్కువని తేలింది. ఇది సంబంధాన్ని చూపుతుందే తప్ప కారణాన్ని రుజువు చేయదు.

వాహనాల పొగలో ఉండే సూక్ష్మ ధూళి కణాల (పీఎం 2.5) వార్షిక పరిమితి ఘనపు మీటరుకు డబ్ల్యూహెచ్‌వో ప్రకారం 5 మైక్రోగ్రాములు (2021). మన దేశంలో 40 (2009). ఎనిమిది రెట్లు! గాలి కాలుష్యాన్ని తగ్గించేందుకు 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి.