కరోనా ఉధృతిలో టీకాలకు వెళ్లొచ్చా?

ప్రశ్న: మా పాపకు నలభై రోజులు. ఆరో వారం టీకాలు వేయించాలి. కరోనా ఇంతగా ఉంటే ఆసుపత్రి గడప తొక్కొద్దని అమ్మ అంటోంది. రెండు నెలలు ఆగొచ్చా?

– ఓ తల్లి, తెనాలి

జవాబు: ఆగకండమ్మా. మీ అమ్మగారి భయం అర్థం లేనిది కాదు. కానీ ఆరో వారంలో వేసే పెంటావాలెంట్ టీకా కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం వంటి అయిదు జబ్బుల్ని అడ్డుకుంటుంది. పసికందులకు కోరింత దగ్గు వస్తే ఊపిరే ఆగిపోవచ్చు. కరోనా పసిపిల్లల్లో చాలావరకు తేలిగ్గానే తగ్గుతోంది. అందుకే నా ఓటు టీకాకే.

పెద్దాసుపత్రి ఓపీ వద్దు. దగ్గర్లోని ఉపకేంద్రంలో టీకాలు ఏ రోజు వేస్తారో ఏఎన్ఎంను అడగండి. పిల్లల డాక్టరు దగ్గరికైతే ఫోన్ చేసి, మొదటి నంబరు తీసుకోండి. మీరొక్కరే వెళ్లండి, చూడటానికొచ్చిన చుట్టాలంతా వద్దు! మాస్కు మీకే, పాపకు వద్దు, ఊపిరాడదు. సూది వేశాక అరగంట ఆరుబయట కూర్చోండి. బరువు కూడా అప్పుడే చూపించండి. ఇంట్లో ఎవరికైనా జ్వరముంటే ముందు ఫోన్ చేయండి. అందువల్ల కొన్నాళ్లు ఆలస్యమైనా టీకాలు మళ్లీ మొదటి నుంచి వేయక్కర్లేదు.

జలుబు, కక్కుళ్ల లాంటివి ఫోన్‌లో అడగొచ్చు. పాలు తాగకపోయినా, ఒళ్లు 100.4 డిగ్రీలు దాటినా, డొక్కలెగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా రాత్రయినా సరే బయల్దేరండి.