తొలకరి సలహాలు: పురుగు కడుపులోని పనివారు

ఆషాఢమున ఉప్పుగూడ మహంకాళి దేవాలయమునకు బోనములు తరలు దినములలోనే పెరళ్ళయందును, డాబాలమీది కుండీలయందును చిక్కుడు, వంగ, బెండ మొలకలు తలయెత్తును. వానితోపాటు పురుగులును ప్రవేశించును. పురుగు కనబడినంతనే మందు చల్లవలెనను ఆతురత సహజమే గాని, అనేక కీటకములు తమ శరీరమున కాపురముండు సూక్ష్మజీవుల తోడ్పాటుననే జీవించుచున్నవని గ్రహించిన రైతు, ఏ పురుగును ఎచ్చట, ఏ విధముగా అణచవలయునో సులభముగా నిర్ణయించుకొనగలడు.

పెంటకుప్ప: మాగని పెంటను త్రవ్వినచో కొడవలివలె వంగిన తెల్లని కొమ్ముపురుగు పిల్లలు బయటపడును. వాని తోకవైపున పలుచని చర్మముగుండ నల్లగా కనబడునది వెనుకప్రేగు. గడ్డిలోని పీచుపదార్థమును పులియబెట్టి పురుగునకు ఆహారముగా మార్చు బాక్టీరియాలకు అదియే నివాసము. పెంటను చివుకజేయుట మేలే యైనను, రెక్కలు వచ్చిన పిమ్మట ఈ పురుగే కొబ్బరి మొవ్వును తొలుచును. కావున కుప్పను తిరుగవేసి పురుగులను ఏరివేయవలెను. మెటారైజియం శిలీంధ్రపు పొడిని కుప్పలో కలుపవలెను. బాగుగా మాగిన ఎరువునే మొక్కలకు వేయవలెను.

చెదలు: ఎండుటాకును, మోడును మట్టిలో కలుపు చెదపురుగులకును ప్రేగులోని సూక్ష్మజీవులే ఆధారము, కొన్ని జాతులలో ఇవి గాలిలోని నత్రజనిని సైతము స్థిరీకరించును. పైరునకు దూరముగానున్న పుట్టను త్రవ్వి నాశనము చేయ నక్కరలేదు. పచ్చిపెంట వేయకుండుటయు, మొక్కను బెట్టకు గురి కానీయకుండుటయు ముఖ్యము.

చిక్కుడు పేనుబంక: మొక్క రసమున చక్కెర మెండు, అత్యవసరమైన అమైనో ఆమ్లములు కొరత. ఆ కొరతను తీర్చునది బుక్నెరా అను బాక్టీరియా. ఇది ప్రేగులో గాక, దేహమందలి ప్రత్యేక కణములలో నివసించి తల్లినుండి పిల్లకు సంక్రమించును. యూరియా మితిమీరినచో రసమే బలవత్తరమై పేను త్వరగా వృద్ధినొందును గాన, యూరియాను తగ్గించి, కొనలను నీటితో గట్టిగా కడిగి, అవసరమైనచో లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనెను కొద్ది సబ్బుతో కలిపి చల్లవలెను. పేనును భక్షించు అక్షింతల పురుగులున్నచో పిచికారీ మానుట మంచిది.

గొంగళి పురుగులు: బాక్టీరియా అన్నియు పురుగునకు మిత్రములు కావు. 1901లో జపానున ఇషివాటా రోగగ్రస్తములైన పట్టుపురుగులలో కనుగొన్న బాక్టీరియాకు, 1915లో జర్మనీయందలి థురింజియా ప్రాంతపు పేర బెర్లినర్ బాసిల్లస్ థురింజియెన్సిస్ అని నామకరణము చేసెను. దాని స్ఫటికము గొంగళిప్రేగు క్షారమున కరగి ప్రేగుగోడకు రంధ్రములు పొడుచును. పురుగు మేత మాని చచ్చును. ఎండకు దీని శక్తి నశించును గనుక, పురుగులు చిన్నవై యుండగనే, సాయంకాలము, ఆకు అడుగు భాగము తడియునట్లు చల్లవలెను; పట్టుపురుగులు పెంచు చోట వాడరాదు. ఇట్టి జీవనియంత్రణ సాధనములపై రాజేంద్రనగరమందలి జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ శిక్షణ నొసగుచున్నది.

సూక్ష్మజీవులు చచ్చినచో పురుగును చచ్చునను తలంపుతో పశువుల యాంటీబయాటిక్ మందులను పైరుపై చల్లుట మాత్రము కూడదు. అది నేలలోని మేలుచేయు జీవులకు హాని చేయుటయే గాక, మందునకు లొంగని క్రిములను పెంచును.